కిన్నెరకు నేను చెప్పిన సంగీత పాఠం

పోయిన వారం మంగళవారం పొద్దున, కాఫీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే, నేను ముప్పై యేళ్ళు పనిచేసి రిటైరైన వాద్యాల మ్యూజియం నుంచి ఒక అమ్మాయి అశోక్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. ఒకప్పటి నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్నది ఆ అమ్మాయే. చురుకైన పిల్ల, పెద్దలంటే గౌరవం, వచ్చినప్పుడల్లా నాకు జామకాయలు తెస్తుంది. మ్యూజియంలో కొత్తగా ఒక తెర పెడుతున్నారట, అందులో వాద్యం బొమ్మ మీద వేలు పెడితే దాని స్వరం వినిపిస్తుందట, అందుకోసం ఒక్కో వాద్యాన్నే వాయించి రికార్డు చేసుకుంటూ మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒంటి తీగ, ఏడు మెట్ల కిన్నెర దగ్గరికి వచ్చి ఆగిందట. ఫోనులో శ్రుతి కొలిచే యాప్ తెరిచి నా ముందు పెట్టి, "మేడం, ఏడు మెట్లల్ల మూడు పక్కా కరెక్ట్‌గ ఉన్నయ్. నాలుగే జర అటు ఇటు అయినయ్. సోమవారం వీణలు బాగుచేసే ఆయన వస్తుండు, ఆ నాలుగు కూడ సరి చేయిస్త. మీరొకసారి ఊ అంటే అయిపోతది" అన్నది.

ముట్టుకోవద్దని నేను అరిచిన అరుపుకు ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడింది. పక్క హాస్టలు బాల్కనీలో పోటీపరీక్షలకు చదువుకుంటున్న కుర్రాళ్ళు కూడా పుస్తకాలు దించి మా కిటికీ వైపు చూశారు. రేపు మ్యూజియానికి నేనే వస్తానని మాత్రం చెప్పి పంపేశాను. ఆ యాప్ సరైనవని చెప్పిన మూడు మెట్లూ నేను పెట్టించినవి, అబద్ధాలు. తప్పని చెప్పిన నాలుగే ఆ కిన్నెర అసలు మెట్లు. ఆ సంగతి తెలిసిన మనిషిని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలాను, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో చిక్కడపల్లిలో ఏ సందులోకి తిరిగినా సాయంత్రం పూట ఏదో ఒక ఇంట్లోంచి సరళీ స్వరాలు వినబడేవి. మా మేనత్త అక్కడే రెండు గదుల వాటాలో వీణ చెప్పేది. నా స్వరం వెంట్రుకవాసి పక్కకు జరిగితే చాలు, వంటింట్లో పోపు వేస్తున్నా సరే అట్లకాడతో వచ్చి వేళ్ళ కణుపుల మీద ఒక్కటి తగిలించేది. ఆ దెబ్బలతో తయారైన చెవి నాది. అపస్వరం వింటే పళ్ళ సందున ఇసుక పడ్డట్టు ఉండేది. ఆ చెవిని చూసుకుని ఎంత గర్వపడేదాన్నో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నారాయణగూడలో డిగ్రీ పూర్తయిన ఏడాదే ఆ మ్యూజియంలో చేరాను. మ్యూజియమంటే పెద్ద భవనమేమీ కాదు, అశోక్‌నగర్‌లో ఒక పెద్దాయన ఇంటి మేడ మీద నాలుగు గదులు. ఆయన ఓడల మీద ఉద్యోగం చేసి దేశదేశాలు తిరిగినవాడు, దిగిన ప్రతి రేవులోనూ అందరూ గడియారాలూ గుడ్డలూ కొనుక్కుంటే ఈయన వాద్యాలు కొన్నాడట. జావా కంచు గంటలు, ఆఫ్రికా వాళ్ళు రెండు బొటనవేళ్ళతో మీటే ఇనుప నాలుకల పెట్టె, పడవ ఆకారంలో ఉండే బర్మా వీణ, పర్షియా సంతూరు, వీటన్నిటి మధ్యా కలరా ఉండల వాసన. వాయించడానికి పనికిరాని వాద్యం కట్టెల అడితిలో ఉండాలి గానీ మ్యూజియంలో కాదని పెద్దాయన అభిప్రాయం. అందుకని ప్రతి యేడూ దసరాకు ముందు అన్నిటినీ దించి, తుడిచి, శ్రుతి చూసి, ఆయుధపూజ నాటికి సిద్ధం చేయడం నా పని. ఒక్కో వాద్యానికి ఒక అట్ట కార్డు ఉండేది, అందులో దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ నా చేతిరాతతో ఉండేవి.

ఆ దూరదేశాల వాద్యాల దగ్గర నేనెంత భయభక్తులతో మెలిగేదాన్నో చెప్పాలి. జావా గంటలు ఏ ఊరివి ఆ ఊరి శ్రుతిలోనే ఉంటాయని పుస్తకంలో చదివాను కాబట్టి, మా మేనత్త వింటే చెవులు మూసుకునేంత వింతగా మోగుతున్నా వాటి జోలికి పోలేదు. ఇనుప నాలుకల పెట్టెకు గుల్లలు కట్టి ఉంటాయి, మీటితే జుయ్యిమని రొద వస్తుంది. ఆ రొద తీసేస్తే హాయిగా ఉంటుంది కదా అని ఒకసారి ఎవరో సందర్శకుడు సలహా ఇస్తే, అది వాళ్ళ సంగీతం, మన చెవి కోసం దాన్ని చెడగొట్టే హక్కు మనకు లేదని అందరి ముందూ ఆయనకు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆ మాట అన్నది ఈ నోరే.

అటువంటి రోజుల్లో వచ్చింది కిన్నెర. అడిక్‌మెట్ వైపు ఏదో భవనం కడుతున్న కూలీల్లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన అన్న ఒకడు, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, ఒక మధ్యాహ్నం సిమెంటు చేతులతోనే పాత చీరలో చుట్టిన పొడుగాటి మూటను పసిబిడ్డను మోసినట్టు మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. విప్పితే పొగచూరి నిగనిగలాడే వెదురు బొంగు, దాని కింద ఎండు సొరకాయ బుర్రలు, పైన ఒకే ఒక తీగ, తీగ కింద నల్లటి మైనం ముద్దల్లో కూర్చిన ఏడు ఎముక మెట్లు. వాళ్ళ నాయన వాయించినదట. ఊరూరా తిరిగి కథలు చెప్పే కుటుంబం వాళ్ళది, నాయన పోయాక బతుకుతెరువు లేక పట్నం వచ్చారు. బస్తీలో గుడిసె కురుస్తున్నదని, ఎలుకలు బుర్రలు కొరుకుతున్నాయని, ఇక్కడ ఇటువంటివి దాస్తారని ఎవరో చెబితే వచ్చానని అన్నాడు. "జర పైలంగ ఉంచుండ్రి అమ్మా. పని పడ్డప్పుడు వచ్చి తీస్కపోత" అన్నది ఒక్కటే ఆయన కోరిక. మా కార్డు మీద కొన్నది, దానంగా వచ్చింది అని రెండే గడులు ఉండేవి. దాచమని ఇచ్చినదానికి గడి లేదు. నేను దానం అని టిక్కు పెట్టాను.

ఆ యేడు దసరాకు కిన్నెరను దించి తీగ బిగించి మీటి చూశాను. ఒక్క మెట్టు కూడా చోటులో లేదనిపించింది. రెండోది రిషభానికీ గాంధారానికీ మధ్య ఎక్కడో వేలాడుతున్నది, నాలుగోది పంచమానికి అందక కిందనే ఆగిపోతున్నది. ఖాళీ తీగ షడ్జమం అనుకుంటే, ఏడు మెట్లూ రిషభం నుంచి పై షడ్జమం దాకా లెక్క సరిగ్గా సరిపోతుంది కదా, మరి ఇంత వంకరగా ఎందుకున్నాయి అని ఆలోచించి, పాపం మైనం ఎండకు కరిగి జరిగిపోయి ఉంటుంది, చూసుకునే దిక్కులేక ఇలా అయిందని నిర్ధారణ చేసుకున్నాను. వీణకైనా మెట్లు మైనంలోనే కదా కూర్చేది, ఆ మైనం పాతబడితే గీకేసి కొత్తది వేసి మెట్లు మళ్ళీ కట్టించడం మా ఇళ్ళలో మామూలు పని. ఇంకో దేశపు వాద్యమై ఉంటే పుస్తకాలు తిరగేసేదాన్ని, ఎవరికైనా ఉత్తరం రాసేదాన్ని. ఇది మన తెలుగువాళ్ళది, పూట ప్రయాణం దూరంలోనిది, దీని గురించి నాకు తెలియనిదేముంటుంది అనుకున్నాను. మా మేనత్త వీణ బాగుచేసే తాతను నారాయణగూడ మార్కెట్ వెనక సందులోంచి పిలిపించాను. ఆయన వేడి కత్తితో పాత మైనమంతా ఒలిచి, మరక మిగలకుండా కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, తేనెమైనంలో బొగ్గుపొడి నూరి కలిపి, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, నేను ఒక్కో స్వరం ఒప్పుకునేదాకా జరుపుతూ ఏడు మెట్లూ కట్టాడు. కార్డు మీద నేను రాసిన మాట ఇప్పటికీ ఉంది: మరమ్మతు చేయించడమైనది, చక్కగా పలుకుచున్నది.

రెండేళ్ళ తర్వాత ఎండాకాలంలో ఆ అన్న వచ్చాడు. వాళ్ళమ్మ మంచం పట్టిందట, పెద్ద దవాఖానలో ఇక లాభం లేదు ఇంటికి తీసుకుపొమ్మన్నారట. కళ్ళు మూసేలోగా పెనిమిటి కిన్నెర మీద కొడుకు కథ చెబితే ఒక్కసారి వినాలని ఆ అవ్వ అడుగుతున్నదట. నేను సంబరంగా తెచ్చి ఇచ్చాను. అక్కడే గచ్చు మీద కూర్చుని, తీగ సవరించుకుని, గొంతెత్తి ఒక వరుస పాడబోయి, వేళ్ళు పెట్టి ఆగిపోయాడు. మళ్ళీ పాడాడు, మళ్ళీ ఆగాడు. బుర్రలు తిప్పి చూశాడు, చీర కొంగు చూశాడు, బొంగును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "అమ్మా, గిది మా నాయినది కాదు. మారిపోయినట్టున్నది, వేరేది ఇచ్చిండ్రు" అన్నాడు. నేను నవ్వుతూ, లేదన్నా అదే, మెట్లన్నీ చెడిపోయి ఉంటే బాగు చేయించానని చెప్పాను. ఆ నవ్వు నా మొహం మీద ఎలా ఉండిపోయిందో నాకు తెలుసు. ఆయన కోప్పడలేదు. బాగు చేసిండ్రా, అని మాత్రం అని ఒక్కో మెట్టునూ వేలితో తడిమి చూశాడు.

మీకు తెలిసినట్టే పెట్టుకోండి, మైనం నేను తెప్పిస్తానన్నాను. ఆయనకు తెలియదు. మెట్లు పెట్టింది నాయన, ఆ నాయనకు వాళ్ళ నాయన చూపించాడు, ఈయన పుట్టిన దగ్గరినుంచి ఉన్న మెట్ల మీద వేళ్ళు పెట్టడమే గానీ అవి ఎందుకక్కడ ఉన్నాయో అడిగే పని పడలేదు. మెట్టు జరిపి పాడబోతే, వేలి కింద పలికిన స్వరంలోకే గొంతు జారిపోతున్నదని, అసలుది ఏదో తెలియకుండా పోతున్నదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేను కార్డు తీశాను. బొంగు పొడవు రాశాను, బుర్రల చుట్టుకొలత రాశాను, చుట్టిన చీర రంగు కూడా రాశాను, మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం మాత్రం రాయలేదు. వచ్చిన రోజు తీయించిన ఫొటో ఒకటి ఉందని గుర్తొచ్చి బీరువాలన్నీ బోర్లించి వెతికి పట్టుకున్నాను. అందులో పెద్దాయన కిన్నెరను పట్టుకుని ఠీవిగా నిలబడ్డారు, ఆయన పిడికిలి సరిగ్గా మెట్ల మీదే ఉంది. భూతద్దం పెట్టుకుని ఆ వేళ్ళ సందుల్లోంచి చూసి చూసి చివరికి ఆ ఫొటోను నేలకేసి కొట్టాను. నారాయణగూడకు పరుగెత్తి తాతను అడిగితే, ఆనవాళ్ళు మిగలకుండా గీకడమే కద బిడ్డా పనితనం అని ఆయన అమాయకంగా అన్నాడు.

మిగిలినది అవ్వ చెవి ఒక్కటే. మర్నాటి పొద్దున్నుంచి అన్న పనిలోకి పోకముందే తాతా నేనూ అడిక్‌మెట్ దిగువనున్న ఆ బస్తీకి వెళ్ళేవాళ్ళం, కిరసనాయిల్ స్టవ్వూ మైనం గిన్నే పట్టుకుని. రేకుల పందిరి కింద నులకమంచం మీద అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. తాత మెట్టును జరిపేవాడు, అన్న వాయించేవాడు, అవ్వ వింటూ చెయ్యి ఊపేది. ఆమెకు స్వరాల పేర్లు తెలియవు, పైకి కిందికి అనే మాటలు కూడా ఆమె వాడలేదు. ఆమెకు కథలో చోట్లు తెలుసు. "ఈడ గుర్రం ఆగాలె. ఆగుతలేదు, ఉరుకుతున్నది" అనేది. తాత వడ్లగింజంత వెనక్కి జరిపేవాడు. మళ్ళీ వాయిస్తే, ఇంకా ఆగలేదని తల అడ్డంగా ఊపేది. అలా గంటసేపు జరిపాక ఒకసారి అవ్వ మొహం విచ్చుకుంది, ఆగింది అన్నది. ఆ మెట్టు పలికిన చోట నాకైతే ఏ స్వరమూ లేదు, ఉత్త అపస్వరం, కానీ అన్న ఆ వరుస పాడితే పరుగెత్తుకొచ్చిన గుర్రం నిజంగానే నా ముందు రొప్పుతూ ఆగింది.

ఆరు పొద్దులు వెళ్ళాం. గుర్రం ఆగే మెట్టు, తల్లి పిలిచే మెట్టు, బావిలోకి తొంగి చూసే మెట్టు, అన్నదమ్ములు విడిపోయే మెట్టు, మొత్తం నాలుగు దొరికాయి, అవి ఒకటి, రెండు, నాలుగు, ఐదు. రోజురోజుకీ అవ్వ చెయ్యి ఊపడం నెమ్మదించింది. నేను దేవుణ్ణి మొక్కుకోని పూట లేదు. ఆ మొక్కు ఆమె ప్రాణం కోసమా మెట్ల కోసమా అని అడిగితే నిజం చెప్పే ధైర్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆరో రోజు మూడో మెట్టు మొదలుపెట్టాం. రాజు చనిపోయాక రాణి మాట్లాడే చోటు అది. అన్న ఎన్ని రకాలుగా వాయించినా అవ్వ ఏమీ అనలేదు. వినబడుతున్నదా అవ్వా అని నేను చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను, ఆ అడగడంలో ఎంత ఆత్రం ఉందో నాకే భయమేసింది. ఆమె నా చెయ్యి తడిమి, నువ్వెవరు బిడ్డా అన్నది. ఏడో పొద్దు మేము వెళ్ళేసరికి పందిరి కింద ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

మనిషి పోయిన మూడో నాడు ఇంటి పెద్దకొడుకు కిన్నెర మీద పోయినవాళ్ళ పేర్లన్నీ వరుసగా చెప్పడం వాళ్ళింటి పద్ధతి. నేను వెళ్ళాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు, నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడ్డాను. అన్న పాడుతూ పోతూ మూడో మెట్టు రావలసిన చోట వేలు తీగ మీంచి ఎత్తేశాడు. గొంతు కూడా ఆపేశాడు. ఒక క్షణం ఏమీ లేదు, తర్వాత మళ్ళీ నాలుగో మెట్టు మీద పాట అందుకున్నాడు. ఆరో మెట్టు దగ్గరా అంతే, ఏడో మెట్టు దగ్గరా అంతే. నేను పెట్టించిన స్వరాలను ఆయన ఒక్కసారి కూడా పలికించలేదు. పాట పొడుగునా ఆ ఖాళీలు వస్తూనే ఉన్నాయి, వచ్చినప్పుడల్లా నాకు నిలబడిన చోటే నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

వారం తర్వాత అదే చీరలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయన మొహంలో కోపం వెతుక్కున్నాను, తిడితే బాగుండునని ఎదురుచూశాను. "ఇగ ఇది మీదే అమ్మా" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ భవనం పని అయిపోయి, వాళ్ళు ఎటో వెళ్ళిపోయారు. కార్డు మీద దానం అని అంతకుముందే రాసి ఉంది కాబట్టి నేను కొత్తగా రాయవలసింది ఏమీ లేకపోయింది. జరిగింది రాయాలని ఎన్నోసార్లు కలం తీశాను. పెద్దాయన ఏమంటారో, మా మేనత్తకు తెలిస్తే ఏమంటుందో అని ఒక కారణం, వాళ్ళిద్దరూ పోయాక ఇప్పుడెందుకులే అని ఇంకో కారణం. ప్రతి దసరాకూ దాన్ని దించి తుడిచాను, తీగ మాత్రం మీటలేదు.

ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిన మర్నాడు, బుధవారం, మ్యూజియానికి వెళ్ళేముందు ఆటో మాట్లాడుకుని అడిక్‌మెట్ వెళ్ళాను. ఎవరైనా ఉంటారేమోనని, ఆ అన్న పిల్లలైనా కనబడతారేమోనని, ఉత్త ఆశ. బస్తీ ఉన్నచోట ఇప్పుడు అయిదంతస్తుల ఫ్లాట్లు, కింద బిర్యానీ హోటలు. కూలీల అడ్డా దగ్గర మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన వాళ్ళను పట్టుకుని అడిగితే, పేరు కూడా తెలియకుండా ఎట్ల వెతుకుతవు పెద్దమ్మా అని ఒకామె జాలిపడింది. నిజమే, ఆయన పేరు కార్డు మీద రాయలేదు. ఒక కూలీ అని రాశాను.

అక్కణ్ణుంచి మ్యూజియానికి వెళ్ళి ఆ అమ్మాయికి అంతా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల ఫోను బోర్లించి పెట్టి విన్నది. చివరికి, మరి ఆ మూడు ఏం చేద్దాం మేడం అని అడిగింది. తీసెయ్యమన్నాను. చూసేవాళ్ళు వాద్యం విరిగిపోయిందనుకుంటారు కదా అంటే, విరిగిపోయిందనే అనుకోనియ్ బిడ్డా అన్నాను. సోమవారం వచ్చిన మనిషి చేతిలోంచి వేడి కత్తి నేనే తీసుకున్నాను. ఆ మూడు మెట్ల మైనం ఒలిచాక, పాత మచ్చ ఏదైనా మిగిలి ఉంటుందేమోనని కళ్ళద్దాల మీద భూతద్దం పెట్టుకుని వెదురంతా వెతికాను. తాత పనితనం గొప్పది, ఏమీ లేదు. కార్డు వెనక నాలుగు మెట్ల పేర్లూ అవ్వ చెప్పినట్టే రాశాను, మిగతా మూడూ ఎవరు పోగొట్టారో కూడా రాసి సంతకం పెట్టాను.

మా రోజుల్లో ఒక వాద్యం శ్రుతి చెడగొట్టాలన్నా ఒక తాతా, శ్రుతిపెట్టే, ఒక పూటంతా పని ఉండేది. ఇప్పుడు చేతిలో ఫోను క్షణంలో తప్పొప్పులు చెప్పేస్తుంది, దానికీ నాకులాగే ఏ సందేహమూ రాదు. సందేహపడేవాళ్ళను అడుగుదామంటే ఆ అవ్వలు లేరు.

నిన్న మ్యూజియంలో ఆ కొత్త తెర ప్రారంభించారు. కిన్నెర బొమ్మ మీద ఏడు చుక్కలుంటాయి, వేలు పెడితే నాలుగు పలుకుతాయి. మూడో చుక్క మీదా, ఆరో దాని మీదా, ఏడో దాని మీదా ఎంత నొక్కినా ఏమీ వినబడదు, ఆ అమ్మాయి అలాగే చేసింది. నేను బల్ల మీద కూర్చుని చూస్తుండగా బడి పిల్లలు వరుసగా వచ్చారు. మిషను చెడిపోయిందనుకుని ఆ మూడు చుక్కల్నే మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారు.